రెండు చిల్లుల ఓటు

నా మొదటి ఓటు నేను వెయ్యలేదు. వేసినవాడెవడో తెలియదు గానీ నాకంటే బాధ్యత గల పౌరుడు. నేను అన్నం తిని, ఓ కునుకు తీసి, సాయంత్రం నాలుగింటికి మా వీధి చివర బడికి వెళ్ళేసరికే వాడు ముందే వచ్చి నా పేరు మీద ఓటేసి వెళ్ళిపోయాడు. లోపల కూర్చున్న మాస్టారు కళ్ళద్దాలు పైకి జరిపి లిస్టు చూసి, "ఇదిగో బాబూ, నువ్వు పదకొండింటికే వచ్చి వెళ్ళావు," అన్నారు. ఆయన చెప్పిన తీరుకి నేనూ ఒక్క క్షణం నమ్మేశాను.

ఈ కథ చాలామందికి చెప్పాను. విమానంలో పక్క సీటాయనకి కూడా చెప్పాను. వేలికి సిరా అంటకుండా పౌరధర్మం నెరవేర్చినవాణ్ణి అన్నది చివరి వాక్యం. దానికి ముందు చిన్న విరామం ఇవ్వాలి. అప్పుడు నవ్వుతారు. సింగపూర్‌లో ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కు పక్కన తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో మధ్యాహ్నం భోజనాల దగ్గర విరామంతో సహా చెప్పాను. బల్ల చుట్టూ ఆరుగురం. నలుగురు నవ్వారు. ఆరో మనిషి చెంచా కింద పెట్టి, "తర్వాత ఏం చేశావు?" అంది.

"ఇంటికెళ్ళి టీ తాగాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"నీకు చెప్తున్నాగా."

ఆమె నవ్వలేదు. మళ్ళీ చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టింది. నా కథ అలా బల్ల మీద చల్లారిపోవడం అదే మొదటిసారి.

ఆమెది ఇండోనేషియా. మా టీములో టెస్టరు, నాకంటే ఏడాదిన్నర పెద్ద. వాళ్ళ దగ్గర కాస్త పెద్దమ్మాయిని పిలిచే మాటకి అర్థం మన 'అక్క'ట. ఇక మధ్యలో ఆ మాటెందుకని నేను నేరుగా అక్కా అనే పిలిచేవాణ్ణి. మా మధ్య కూర్చుని కూర్చుని ఆమెకి 'పప్పు', 'చాలు', 'నీ మొహం' అని మూడు తెలుగు ముక్కలు వచ్చాయి. మూడిటినీ సరైన చోటే వాడేది.

అంతకు ముందు ఏడాది వాళ్ళ దేశంలో ముప్పై ఏళ్ళకి పైగా కుర్చీ దిగని పెద్దమనిషి దిగిపోయాడు. దింపినవాళ్ళలో అక్క కూడా ఉంది. అప్పుడు జకార్తాలో ఆఖరి ఏడాది చదువుతోందట. పార్లమెంటు ఆవరణ నిండా స్టూడెంట్లు కూర్చున్న రోజుల్లో ఈవిడ పని అన్నం పొట్లాలు పంచడం. ఊళ్ళో అమ్మలందరూ ఇళ్ళల్లో వండి, కాగితాల్లో చుట్టి, సంచుల్లో పంపేవాళ్ళట. "విప్లవం అంటే ఎలా ఉంటుంది?" అని అడిగాను. "వేపుడు వాసన వస్తుంది," అంది. ఇంకా ఏదో అనబోయి ఆగి, "మా క్లాసులో ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది," అంది.

మాది అప్పట్లో అందరూ చేసే పనే. రెండువేల సంవత్సరం వస్తోంది. ఏనాటివో పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్నాయి. ఆ రెండంకెలూ సున్నాలైతే కంప్యూటర్లన్నీ వందేళ్ళు వెనక్కి పోతాయని ప్రపంచమంతా భయపడుతోంది. ఆ భయం పుణ్యమా అని మా అందరికీ సింగపూర్‌లో పనిచేసుకునే పాసులొచ్చాయి. మేం ఐదుగురం తెలుగువాళ్ళం, ఒకటే టీము, ఒకటే ఫ్లాటు. గుంటూరు నుంచి పెద్దన్న, వరంగల్ వాడొకడు, హైదరాబాద్ నుంచి భాయ్, కడప తమ్ముడు, నేను. అక్క రెండు బ్లాకుల అవతల ఉండేది.

పెద్దన్న ఆఫీసులో మా టీము లీడు, ఇంట్లో ఇంటి లీడు. ఐదుగురు బ్రహ్మచారులకి ఎవరూ ఇల్లివ్వని రోజుల్లో ఆ ఫ్లాటు సంపాదించింది ఆయనే. రోజూ పొద్దున అన్నం, పప్పు ఆయనే వండేవాడు. కాబట్టి ఫ్రిజ్ మీద రూల్సు కూడా ఆయనే అతికించాడు. స్నానం ఆరు నిమిషాలు. చేపలు నిషేధం. టీవీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడు మాత్రమే. ఈ మూడోది అమలు చెయ్యడానికి ఆయన రిమోట్‌ని రోజూ ఆఫీసు బ్యాగులో పెట్టుకుని వెళ్ళేవాడు. టీవీ మీది బటన్లు ఎప్పుడో లోపలికి పోయాయి. రిమోట్ లేకపోతే అది ఒక నల్ల పెట్టె.

ఆ ఏడాదే ఇంగ్లండులో క్రికెట్ ప్రపంచ కప్పు, దానికి ముందే మ్యాచులు వరసగా మొదలయ్యాయి. ఒక శనివారం మ్యాచ్ మొదలయ్యే వేళకి పెద్దన్న కూరగాయలకని బ్యాగుతో సహా వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి మేం నలుగురం లిఫ్టు ఎదురుగా వరసగా నిలబడి ఉన్నాం. తలుపు తెరుచుకుంది. నినాదం వరంగల్ వాడి బాధ్యత. వాడు పిడికిలి ఎత్తి, తీరా ఆయన మొహం చూసేసరికి గొంతు తగ్గించి, "పెద్దన్నా, రిమోట్ ఇయ్యాలె మరి," అన్నాడు.

ఆయన మమ్మల్ని ఒక్కొక్కణ్ణీ చూశాడు. బ్యాగులోంచి రిమోట్ తీసి వాడి చేతిలో పెట్టాడు. "తీసుకోండి. రేపట్నుంచి అన్నం కూడా మీరే వండుకోండి," అన్నాడు. లిఫ్టు తలుపు మూసుకునేలోపు విప్లవం అయిపోయింది.

తర్వాత పది రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే, ఇంట్లో మాడిన అన్నం వాసన ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతూ ఉండేది. రిమోట్ ఎవడి చేతికి దొరికితే వాడిదే. భాయ్ దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. చెత్త సంచీ కిందికి తీసుకెళ్ళడం ఎవరి పనీ కాదు కాబట్టి అది మాతోపాటు ఆరో మనిషిలా కాపురం చేసింది. పెద్దన్న తన గదిలో బ్రెడ్డు తింటూ పేపరు చదువుకునేవాడు. ఆ నిశ్శబ్దం కంటే రూల్సే నయం అనిపించేది.

కడప తమ్ముడు మధ్యాహ్నం ఆఫీసు భోజనాల దగ్గర బయటపడ్డాడు. "ఏందప్పా ఇది, పెద్దన్న కాలమే బాగుండె. టయానికి ముద్ద దొరికేది."

అక్క నవ్వింది. "మా అమ్మ కూడా ఇప్పుడు అదే అంటోంది. బియ్యం ధర, నూనె ధర చెప్పి, పాత ఆయనే నయం అంటుంది."

"నువ్వేమంటావు మరి?"

"ధర నిజమే అంటాను. అమ్మతో అబద్ధం చెప్పలేను కదా. దించడానికి నాలుగు రోజులు పట్టింది, మిగతాదానికి కొంచెం ఎక్కువ పడుతుందమ్మా అంటాను."

సరే, మిగతాది మొదలుపెడదామనుకున్నాం. రెండు ఆదివారాలు కూర్చుని ఫ్రిజ్ మీదికి కొత్త రూల్సు రాశాం. పని అలవాటు చొప్పున పైన వెర్షన్ నంబరు, కింద మార్పుల పట్టిక. వారానికొకణ్ణి ఇంటి బాధ్యుడిగా ఎన్నుకోవాలి. ఏ ప్రతిపాదనైనా ఓటుకి పెట్టాలి. ఓట్లు సమానమైతే ప్రతిపాదన వీగిపోయినట్టే. ఈ చివరిది నా వాక్యం. సమానమైతే బొమ్మా బొరుసా వేసుకోవచ్చుగా అని పెద్దన్న గదిలోంచే అంటే, ఇల్లు నడపడం జూదం కాదని నేను పది నిమిషాలు ఉపన్యసించాను.

మొదటి ఎన్నికకి కాగితాలెందుకు, మనం ప్రోగ్రామర్లం కదా అని నేనే ఒక ప్రోగ్రాము రాశాను. ఒక్కొక్కడూ వచ్చి ఒక అంకె నొక్కి వెళ్ళాలి. చివర్లో తెర మీద గెలిచినవాడి పేరు వస్తుంది. కడప తమ్ముడి పేరు వచ్చింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. వాడే ముందు అనుమానపడ్డాడు. "నాకెవరేసినారన్నా నాలుగు ఓట్లు? నేనే నాకు వేసుకోలే."

"మియా, మొత్తం ఎన్నున్నయో చూడు," అన్నాడు భాయ్.

మొత్తం ఏడున్నాయి. ఐదుగురి ఇంట్లో ఏడు ఓట్లు. ప్రోగ్రాము పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి నేను ముందురోజు వాడి పేరు మీదే రెండు ఉత్తుత్తి ఓట్లు వేశాను. అసలు ఎన్నికకి ముందు వాటిని తుడిచెయ్యడం మర్చిపోయాను. మా వృత్తిలో ఇది రోజూ జరిగే తప్పే. ఆఫీసులో అయితే ఒక ఫారం నింపి సర్దేస్తాం. ఇక్కడ నలుగురూ నన్ను చూసిన చూపుకి ఫారం లేదు.

మర్నాడు భోజనాల దగ్గర దీన్ని కూడా కథ చేసి చెప్పాను. ఈసారి అక్క చెంచా కింద పెట్టలేదు, కానీ తినడం మానేసింది.

"మా నాన్న బడిపంతులు," అంది. "జావాలో చిన్న ఊరు. చేతిరాత చాలా బాగుంటుంది. అదే ఆయన ఖర్మ. ప్రతి ఎన్నికకీ ఓట్లు లెక్కపెట్టే కమిటీలో వేసేవాళ్ళు. ముందురోజే ఒక చీటీ వచ్చేది, ఎవరికెన్ని రావాలో. ఆయన వాటిని బోర్డు మీద గుండ్రటి అంకెలతో రాసేవాడు. మర్నాడు జనం వచ్చి ఓటేసి వెళ్ళేవాళ్ళు." పళ్ళెం పక్కకి జరిపింది. "నీ ఓటు ఎవరో వేసేశారని నువ్వు నవ్విస్తావు. మా ఊరందరి ఓట్లూ మా నాన్న వేశాడు."

నలుగురూ పళ్ళేల్లోకి చూస్తున్నారు. నేనూ చూశాను. నూడుల్స్.

ఆ పై నెల మొదటివారంలో, ఒక సోమవారం, వాళ్ళ దేశంలో ఎన్నిక. భయం లేకుండా జరిగే ఎన్నిక ఆమె పుట్టాక ఇదే మొదటిదట. సింగపూర్‌లో ఉన్నవాళ్ళకి ఎంబసీలోనే ఓటు. ఓటేయించి, లెక్కపెట్టే కమిటీలో అక్క పేరిచ్చింది, తీసుకున్నారు. ఆ మాట ఫోన్‌లో చెబితే వాళ్ళ నాన్న బాగుందనలేదు, బాగాలేదనలేదు. "లెక్కపెట్టాక నాకు ఫోన్ చేసి అంకెలు చెప్పు," అన్నాడట. అంతే.

ఆ వారం నుంచి మా ఫ్లాటు ఎన్నికలు అక్క పద్ధతిలో జరిగాయి. వాళ్ళు ముద్ర వెయ్యరు, మేకుతో పొడుస్తారు. మా ఓనరు గోడకి మేకులు కొట్టనివ్వడు కాబట్టి ఇంట్లో ఉన్నది ఒక్కటే మేకు, క్యాలెండరు వేలాడేది. క్యాలెండరు కింద పెట్టాం. కాగితం కింద మెత్తగా ఉండటానికి మానిటర్ పెట్టెలోంచి థర్మాకోల్ ముక్క. వంటింట్లోకి ఒక్కొక్కడూ వెళ్ళి, కాగితం విప్పి, పొడిచి, మడిచి అన్నం గిన్నెలో వెయ్యాలి. తర్వాత అందరి ముందూ ఒక్కో కాగితం విప్పి ట్యూబులైటు వైపు ఎత్తి పట్టాలి. చిల్లులోంచి వెలుతురు కనబడాలి. చూసినవాళ్ళందరూ 'సహ్' అనాలి. అంటే చెల్లుతుందని. అప్పుడే గోడ మీది కాగితం మీద ఒక గీత.

"ఐదు ఓట్లకి ఇంత తతంగమా?" అన్నాను.

"నీ ప్రోగ్రాము ఎంతసేపట్లో లెక్కపెట్టింది?"

"అర సెకను."

"నమ్మడానికి ఎంతసేపు పట్టింది?"

"నీ మొహం," అన్నాను తెలుగులో.

కానీ పని జరిగింది. మొదటి వారం వరంగల్ వాడు, రెండో వారం పెద్దన్న గెలిచారు. అవును, పెద్దన్నే. మూడు ఓట్లతో. ఆయన అన్నం వండి, రిమోట్ టీవీ మీదే వదిలేసి, ఆదివారానికి పదవి దిగి కంచం కడుక్కున్నాడు. దిగడం అంత తేలికని ఆయనకీ కొత్తగా తెలిసినట్టుంది.

ఇంతలో ఆఫీసులో బాంబు పడింది. బాంబు అనేది వరంగల్ వాడి మాట. నిజానికి ఒక ఈమెయిలు. తేదీల మార్పు మీద పెద్ద రిహార్సల్ సోమవారం పెడుతున్నామని. అదే సోమవారం. ఎవరికీ సెలవుల్లేవు.

అక్క మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇక్కడి చైనీస్ మనిషి, చెడ్డవాడు కాదు, తొందరగా, సింగపూర్ ఇంగ్లీషులో మాట్లాడతాడంతే. "కెన్ లా, వై నాట్? కానీ నీ పని ఎవరు చేస్తారు? నలభై టెస్టులున్నాయి. శుక్రవారం పొద్దున ఎవరెవరు ఏం చేస్తారో రాసి టీము మొత్తం సంతకాలు పెట్టివ్వండి. లేదంటే కెనాట్," అన్నాడు.

నలభై అంటే తలా ఎనిమిది. మా పనికి తోడు. ఆ రిహార్సల్‌లో ఎవరి టెస్టు తప్పితే వాళ్ళ పేరు క్లయింటుకి వెళ్ళే కాగితంలో ఉంటుంది. ఆ కాగితం చూసే కాంట్రాక్టులు పొడిగిస్తారు. కడప తమ్ముడి పాసు ఆ మరుసటి నెలలో అయిపోతోంది. కాబట్టి ఎవరు వద్దన్నా వాణ్ణి దుర్మార్గుడనలేం.

అందరం పెద్దన్న వైపు చూశాం. టీము లీడు ఆయనే కదా, ఒక్క మాట చెప్తే అయిపోతుంది. ఆయన పేపరు మడిచాడు. "నేను ఎవరి మీదా రుద్దను. రుద్దొద్దనేగా లిఫ్టు దగ్గర నిలబడ్డారు. ఓటు పెట్టుకోండి," అన్నాడు. ఇన్నాళ్ళూ దాచుకున్న మాటలా ఉంది, చెప్పి తృప్తిగా నీళ్ళు తాగాడు.

గురువారం సాయంత్రం ఓటు. ఇది తన సంగతి కాబట్టి తాను లెక్కపెట్టకూడదంది అక్క. "ఇంకెవరికొస్తది ఈ పని? ఆపా, నువ్వే చెయ్యి," అన్నాడు అక్కని తన భాషలో ఆపా అనే భాయ్. అందరం అదే అన్నాం. ఒప్పుకుని, ముందు రూల్సు చదివింది. ఎడమవైపు గడి 'చేస్తాం'. కుడివైపు 'మా వల్ల కాదు'. ఒక్క గడిలో ఒక్క చిల్లే ఉండాలి. రెండు గడుల్లో ఉంటే చెల్లదు. ఏ కాగితం ఎవరిదని అడగకూడదు. అడిగినా చెప్పకూడదు.

నా వంతు నాలుగోది. అప్పటికే గదంతా శవం లేచిన ఇల్లులా ఉంది. నాకు అలాంటి గాలి పడదు. కడప తమ్ముడు లోపల మూడు నిమిషాలు తీసుకున్నాడు కదా, నేను రెండు సెకన్లలో వెళ్ళొచ్చి చూపిద్దామనుకున్నాను. వెళ్ళాను, మడిచి ఉన్న కాగితాన్ని మడిచినట్టే ఎడమవైపు ఒక్క పోటు పొడిచాను, గిన్నెలో పడేసి బయటికొచ్చి, "నిర్ణయం అంటే ఇలా ఉండాలి," అన్నాను. అందరూ నవ్వారు. భాయ్ అయితే పొట్ట పట్టుకున్నాడు.

అక్క కాగితాలు తీసింది. మొదటిది, చేస్తాం. సహ్. రెండోది, కాదు. సహ్. మూడోది, చేస్తాం. నాలుగోది, కాదు. ఐదోది విప్పి లైటు వైపు ఎత్తింది. రెండు చిల్లులు. రెండు కళ్ళలా సరిగ్గా ఎదురెదురుగా, చెరొక గడిలో.

"రెండూ అంటే ఏమప్పా? ఆలోచించుకుంటాననా?" అన్నాడు కడప తమ్ముడు.

వరంగల్ వాడు కాగితాన్ని చూసి కనిపెట్టేశాడు. "మడతబెట్టి పొడిసిండ్రు. ఎడమ దిక్కు పొడిస్తే అటు కూడ వడ్డది. గిది చేస్తమన్నట్టే. ఎవల్ది రా ఇది, చెప్పురాదు?"

"అడగకూడదు," అంది అక్క.

"అరె, నీ కోసమే గద అక్కా."

"అందుకే అడగకూడదు." కాగితం ఇంకా ఎత్తే పట్టుకుంది. చెయ్యి కదల్లేదు. "తిదక్ సహ్," అంది. చెల్లదు.

నా నోరు సగం తెరుచుకుంది. చెప్తే రూలు పోతుంది. చెప్పకపోతే ఆమె సోమవారం పోతుంది. నా జీవితంలో మొదటి ఓటు నిద్రలో పోయింది, ఇది నవ్వులాటలో పోయింది. నోరు మూసుకున్నాను. నా వరకు అది అలవాటు లేని పని.

రెండు, రెండు. సమానమైతే వీగిపోయినట్టే. ఫ్రిజ్ మీద నా వాక్యం అందంగా కనిపిస్తోంది. అక్క ఐదు కాగితాలూ కవర్లో పెట్టి, అంటించి, పైన సంతకం చేసింది. తాగిన టీ కప్పు కడిగింది. "థాంక్యూ. లెక్క సరిగ్గా జరిగింది," అని చెప్పి వెళ్ళిపోయింది. తిట్టి వెళ్ళినా బాగుండేది.

టీవీ ఎవరూ పెట్టలేదు. అప్పుడు పెద్దన్న లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాడు. వేలు పెట్టి పై నుంచి కిందికి చదవడం మొదలుపెట్టాడు. మేం రాసిన రాజ్యాంగాన్ని పూర్తిగా చదివిన ఒకే ఒక్క మనిషి మేం దించిన మనిషి.

"తొమ్మిదో రూలు. ఇద్దరు కోరితే ఏ నిర్ణయమైనా మర్నాడు మళ్ళీ ఓటుకి పెట్టొచ్చు," అన్నాడు. "రేపు పొద్దున ఆఫీసుకి ముందు. నేనొకణ్ణి. ఇంకొకడెవడు?"

ఆయన వాక్యం పూర్తయ్యేసరికే నా చెయ్యి పైకి లేచి ఉంది.

"నేను వద్దని వేశాను," అన్నాడు పెద్దన్న. రహస్య ఓటు సంగతి ఆయనకి ఇంకా పూర్తిగా వంటబట్టలేదు. "రేపూ వద్దనే వేస్తానేమో. ఆ అమ్మాయి ఓడిపోవాలంటే సరిగ్గా పొడిచి ఓడించాలి. పొడవడం రాక కాదు."

శుక్రవారం పొద్దున అక్క ఆఫీసు బ్యాగుతోనే వచ్చింది. నా వంతు వచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్ళి, కాగితం పూర్తిగా విప్పి, థర్మాకోల్ మీద పరిచి, నాలుగు మూలలూ సర్ది, మేకు ఎడమ గడి మధ్యలో పెట్టి నొక్కాను. బయటికొచ్చేసరికి, "ఏం రా, లోపల పండుకున్నవా?" అన్నాడు వరంగల్ వాడు.

మూడు, రెండు. మూడు 'చేస్తాం' వైపు.

పెద్దన్న అప్పటికే కాగితం మీద నలభై టెస్టుల్ని ఐదుగురికి పంచుతున్నాడు. కష్టమైనవి తన పేరు మీద రాసుకున్నాడు. ఐదుగురం సంతకాలు పెట్టాం. వద్దన్న ఇద్దరూ అందులో ఉన్నారు. ఒకరు పెద్దన్నేనా, మనసు మార్చుకున్నాడా, అసలు ఆ రెండో మనిషి ఎవరు అన్నది నాకు ఈనాటికీ తెలియదు. సోమవారం ఐదుగురం ఒకేలా పనిచేశాం. ఎవరి టెస్టూ తప్పలేదు. కడప తమ్ముడు ఎనిమిది కాదు, తొమ్మిది చేశాడు. తొమ్మిదోది నాది. నేను ఒక దాని దగ్గర ఇరుక్కుంటే వాడే వచ్చి, "జరుగన్నా," అని కుర్చీ లాక్కున్నాడు.

ఐదున్నరకి పెద్దన్న నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మిగతాది నేను చూసుకుంటాలే గానీ, నువ్వెళ్ళు. మనం చేసింది దేనికో ఒకడైనా కళ్ళతో చూడాలిగా."

బస్సు దిగి ఎంబసీ గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఇంకా ఎండ ఉంది. గేటు దగ్గరి పెద్దాయన నన్ను చూసి ఏదో అడిగాడు. నాకు తెలిసిన వాళ్ళ భాష ఒకటే మాట, "సహ్," అన్నాను. ఆయన నవ్వి, ఇంగ్లీషులో, "చూడటానికా? రా. లెక్క పెట్టేది చూడటానికే," అన్నాడు.

లోపల బల్లలు, కవర్లు, గోడకి పెద్ద కాగితాలు. చుట్టూ జనం. తువాస్ షిప్‌యార్డు నుంచి బూట్లతోనే వచ్చినవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, టై వదులు చేసుకున్న బ్యాంకు మనుషులు, చంకలో పాపతో ఒకావిడ. అందరి వేళ్ళకీ సిరా. అక్క బల్ల వెనక నిలబడి ఒక్కో కాగితం విప్పి ఎత్తుతోంది. చిల్లులోంచి వెలుతురు. గుంపంతా, "సహ్". ఒక గీత. మళ్ళీ కాగితం.

చూడటానికి ఇంత విసుగైన పని ఇంకోటి లేదు. అయినా ఎవరూ కదలడం లేదు. మధ్యలో ఒక కట్టలో గీతలు కాగితాల కంటే ఒకటి తక్కువ వచ్చాయి. ఒకతను ఏదో అన్నాడు, ఇంకొకామె గొంతు పెంచింది. నాకు గొడవ అవుతుందేమో అనిపించింది. అక్క ఆ కట్ట మొత్తం మళ్ళీ మొదటి నుంచీ తీసింది. గుంపు నిట్టూర్చింది, అంతే. నా పక్కనున్న పెద్దావిడ కింద పేపరు పరుచుకుని కూర్చుని, అన్నం పొట్లం విప్పి, నా వైపు కొంచెం జరిపింది. "మాకాన్," అంది. తినమని. వేపుడు వాసన వచ్చింది.

ఎన్నో కాగితమో తెలియదు, అక్క విప్పి ఎత్తింది. రెండు చిల్లులు, చెరోవైపు, ఎదురెదురుగా. మడతబెట్టి పొడిచిన మహానుభావుడు ఇక్కడా ఉన్నాడు. "తిదక్ సహ్," అంది అక్క. కాగితం పక్కన పెడుతూ గుంపు మీదుగా నేరుగా నన్ను చూసి నవ్వింది. గురువారం నుంచీ ఆమెకి తెలుసన్నమాట.

అంతా అయ్యేసరికి దీపాలు వెలిగాయి. గోడ మీది కాగితాల్లోని అంకెల్ని చాలామంది చేత్తో రాసుకున్నారు, కొందరు వాటి ముందు నిలబడి ఫొటోలు దిగారు. అక్క ఒక చిన్న పుస్తకంలో అంకెలు ఎక్కించుకుని, నాతో పాటు నడిచి రోడ్డు మీది ఫోన్ బూత్‌లోకి వెళ్ళింది. కార్డు పెట్టి నంబరు నొక్కింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

వాళ్ళ భాషలో నెమ్మదిగా చదువుతోంది. ఒక అంకె చదివి ఆగుతోంది. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఆగుతోంది.

"లైను సరిగ్గా లేదా?" అన్నాను.

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఉంది. నాన్న రాసుకుంటున్నాడు. గుండ్రంగా రాస్తాడు కదా, టైము పడుతుంది."

పేజీ అయిపోయింది. అవతల నుంచి ఏదో అడిగాడు. అక్క పుస్తకం మూయబోయి ఆగింది.

"ఏమంటున్నారు?"

"చెల్లనివి ఎన్ని అని అడుగుతున్నాడు." పేజీ వెనక్కి తిప్పింది. "చీటీ చూసి రాసినన్నాళ్ళూ ఆయన బోర్డు మీద ఆ గడిలో ఎప్పుడూ సున్నానే."

పుస్తకంలో వెతికి ఆ అంకె చెప్పింది. చాలా చిన్న అంకె. అవతల నవ్వు. ఫోను చెవికి దూరంగా పట్టుకుంటే నాకూ వినబడింది. ముసలాయన, ఊపిరందక, ఆగి మళ్ళీ నవ్వుతున్నాడు. కార్డులో మిగిలిన ఏడు నిమిషాల్లో రెండు ఆ నవ్వుకే పోయాయి.